వెనక టైర్లు ఎన్నాళ్ళొస్తాయి

“ఇవి మొన్న దసరాకు నేనే వేసిన టైర్లంటే నాకే నమ్మబుద్ధి అయితలేదన్నా,” అన్నాడు టైర్ల షాపు బాబు, కారు వెనక చక్రం పక్కన గొంతుకూర్చుని.

చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డ ప్రమోద్ ముందుకు వంగి చూశాడు. తన పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు వెనక టైర్లు రెండూ గాడి అన్నది లేకుండా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ముందువి మాత్రం బాగానే ఉన్నాయి.

“వెనక టైర్లు ఇంత తొందరగా పోతాయా?”

“ఈ బండి బలమంతా వెనక చక్రాల మీదే పడతాది గదా. రబ్బరు కూడా మెత్తనిది. నిదానంగా తోలితే పదిహేను వేల కిలోమీటర్లు వస్తాయి. తొక్కి తోలితే ఐదారు వేలకే ఇట్ల అయితాయి. ఇది బాగా తొక్కి తోలిన బండన్నా.”

“తోలింది ఎవురప్పా? నేను మంచం దిగిందే మొన్న.”

దసరా దాటిన వారానికే ప్రమోద్ గోడౌన్ మెట్ల మీద జారిపడ్డాడు. తుంటికి ఆపరేషన్ అయింది. ఉగాది దాకా స్టీరింగు ముట్టొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి కారు గోడౌన్ వెనక షెడ్డులోనే ఉంది, ఇంటికి రెండు వీధుల అవతల. బ్యాటరీ దిగిపోకుండా అప్పుడప్పుడు స్టార్ట్ చేసే పని డ్రైవర్ హనుమంతది. తాళం ఉండేదీ అతని దగ్గరే.

ప్రమోద్ కారు తలుపు తీసి మీటరు చూశాడు. తనకు గుర్తున్న అంకె మీద ఐదు వేలు పైనే పెరిగింది.

కాసేపటికి హనుమంత ఇంటి హాల్లో తలవంచుకుని నిలబడ్డాడు. ప్రమోద్ తండ్రి చెన్నకేశవులు బళ్ళారి బజారులో ధాన్యం వ్యాపారి. తొందరపడి మాట తూలే మనిషి కాదు.

“మా పిల్లోళ్ళ మాదిరి చూసుకున్నాం నిన్ను. నిజం చెప్పు హనుమంతా. కారు బయటికి తీసినావా?”

“తీసినా సావుకారీ.”

“యాడికి?”

హనుమంత తల ఇంకా కిందికి వంచుకున్నాడు.

“పెట్రోలు యాడిది?” ప్రమోద్ గొంతు లేచింది. “గోడౌన్‌లో మూటలు అమ్ముకున్నావా?”

“అయ్యో, లేదన్నా! దురుగమ్మ మీద ఒట్టు. ఒక్క గింజ ముట్టలేదు.”

“మరి ఎవురిచ్చినారు?”

హనుమంత కారు తాళాన్ని గుప్పిట్లో బిగించాడు.

“నిదానంరా,” అన్నాడు చెన్నకేశవులు కొడుకుతో. “పగలంతా గోడౌన్‌లో నా కండ్ల ముందరే ఉంటాడు. పొద్దు మునిగితే ఇంటికి పోతాడు. మంగళారం, శుక్కురారం తెల్లారక ముందే మీ అమ్మను పాత కారులో దుర్గమ్మ గుడికి తీసుకపోతాడు. ఇంక వానికి టైము యాడుండాది?”

అందరూ వంటింటి గడప దగ్గర నిలబడ్డ వరలక్ష్మమ్మ వైపు చూశారు. ఆ కారంటే ఆమెకు పడదని ఇంట్లో అందరికీ తెలుసు. అది ఇంటికొచ్చిన రోజు హారతి ఇచ్చింది ఆమే. “సిరిగేరిలో మా నాయన మిల్లు జీపుకు గూడా ఇట్లనే ఇస్తాంటిమి. నన్ను ఒక రౌండు తిప్పుకరారా,” అంది. “నీ నడుముకు ఈ సీట్లు పడవమ్మా,” అని ప్రమోద్ స్నేహితుల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆమె ఆ కారు పేరెత్తలేదు.

“నన్ను గుడికాడ దించి పోతాడు,” అంది వరలక్ష్మమ్మ మెల్లగా. “మళ్ళా వచ్చేదానికి రెండు గంటలు పడతాది. మెట్ల మీద కూకొని ఎదురు చూస్తాంటా. ఆ నడుమ యాడ తిరుగుతాడో నాకేం తెలుసు?”

హనుమంత చటుక్కున తలెత్తాడు. “అమ్మా...” అన్నాడు.

“సాలు! అమ్మ ఏంది అమ్మ?” ప్రమోద్ కర్రను నేలకేసి కొట్టాడు. “పెద్దామెను చలిలో కూకోబెట్టి నా కారులో షికార్లా?”

హనుమంత కళ్ళు తుడుచుకున్నాడు. “అమ్మ చెప్పినాక ఇంక నేను చెప్పేదేముండాది,” అంటూ తాళం బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

సాయంత్రానికి బజారంతా తెలిసిపోయింది. ఎక్కడ పని అడగబోయినా ‘సావుకారి కారు అరగదీసినోడు’ అన్న మాట అతనికంటే ముందే చేరుతోంది.

నాలుగో రోజు అతని భార్య కొట్రమ్మ పెరటి తలుపు దగ్గరికి వచ్చింది.

“మా ఆయప్ప అన్నం ముందర కూకుంటాడు, తినడమ్మా. యాడికి పోతాంటివి, ఎవురి కోసరం పోతాంటివి అని అడిగితే గోడపక్కకు తిరిగి పండుకుంటాడు. మా మహాదేవి నర్సింగు సదువుతాండాది. ఇంక దాన్ని మానిపించాలేమో. మీరు ఒక్క మాట చెప్పండమ్మా, సావుకారి ఇంటాడు.”

“ఈ ఇంట్లో నా మాట ఎవురిన్నారు కొట్రమ్మా, ఇన్నేండ్ల నుంచి?”

వరలక్ష్మమ్మ లోపలికి వెళ్ళి బియ్యం సంచి తెచ్చి గడప మీద పెట్టింది. కొట్రమ్మ ఆ సంచి వైపు, ఆమె వైపు చూసింది.

“కూలి చేసుకోనైనా తింటాంలేమ్మా,” అని వెనక్కి తిరిగింది.

చాలాసేపు సంచి అక్కడే ఉంది. చివరికి వరలక్ష్మమ్మే దాన్ని ఎత్తి లోపల పెట్టుకుంది. ఆ పూట ఆమె కూడా అన్నం తినలేదు.

గురువారం బాబు కారుకు కొత్త టైర్లు వేసిపోయాడు. ప్రమోద్ తాళం తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

“ఇంక బయటోళ్ళను నమ్మేదొద్దు. నా కాలు బాగయ్యేదాకా నీ బీరువాలో పెట్టుకోమ్మా.”

“రేపు గుడికి ఎట్ల పోతావు?” అడిగాడు చెన్నకేశవులు. “కొత్త డ్రైవర్ను చూసేదా?”

“వద్దులే. ఆటోలో పోయొస్తా.”

శుక్రవారం తెల్లారకముందే ఆమె పూలబుట్ట పట్టుకుని ఇల్లు కదిలింది.

పసుపుపచ్చ కారు ఊరు దాటి తారానగర్ రోడ్డెక్కగానే, వరలక్ష్మమ్మ అలవాటుగా చెప్పులు విడిచి ఆక్సిలరేటర్ తొక్కింది.