సారసకు ఆట నేర్పిన తాబేలు

ఈ అభయారణ్యపు మడుగులో తాబేలునైన నాకంటే ముందు పుట్టినవి నీళ్ళొక్కటే. ఆ రోజుల్లో సారస కొంగలు వేలకు వేలు వచ్చి వాలేవి. వాటికి ఆట, అదే నాట్యం, నేర్పిన గురువును నేనే. ఈ మాట చెప్పినప్పుడల్లా కప్పలు పొట్టలు పట్టుకుని నవ్వేవి.

అవి రావడం మానేసిన ఎన్నో వానాకాలాల తర్వాత, మొన్న ఒక పడుచు సారస వచ్చి వాలింది. ఒక్కతే.

"తాతా, మా అమ్మ ఆడిన మడుగు ఇదేనా?"

"ఇదేనమ్మా. ఇక్కడ చివరిసారి ఆడింది మీ అమ్మే."

"నేను నేర్చుకోకముందే అమ్మ పోయింది. ఆట రాని సారసకు జోడు దొరకదు తాతా. నాకెవరు నేర్పుతారు?"

"మన గురువుగారు లేరూ!" అంది ముసలి కప్ప. "లేవండి గురువుగారూ, గజ్జెలు తెమ్మంటారా?"

నిజం చెప్పాలంటే నేనెవరికీ ఏమీ నేర్పలేదు. గట్టున పడుకుని చూసేవాణ్ణి, అంతే. కానీ చూడటంలో నన్ను మించినవాడు ముల్లోకాల్లో లేడు. వాళ్ళమ్మ మొదట తల వంచేది. తర్వాత గడ్డిపరకను గాల్లోకి విసిరేది. అప్పుడు ఎగిరేది.

నేను తల వంచాను. గడ్డిపరక విసిరితే నా ముక్కు మీదే పడింది. ఇక ఎగిరాను చూడండి, తాటిచెట్టంత ఎత్తు! సరే, బెత్తెడు. వెల్లకిలా పడ్డాను. మడుగంతా గొల్లుమంది.

సారస మాత్రం నవ్వలేదు. తల వంచింది. పరక విసిరింది. రెక్కలు విప్పి లేచింది.

కప్పలు నవ్వు ఆపేశాయి. కాసేపటికి ముసలి కప్ప మెల్లగా నా దగ్గరికొచ్చి, "మేమందరం కలిసి మిమ్మల్ని బోర్లా తిప్పమంటారా, గురువుగారూ?" అంది.

"ఉండవే," అన్నాను. "అచ్చం వాళ్ళమ్మే. ఇంకాసేపు ఇలాగే చూడనీ."