పాత సైకిళ్ళ సంఘం పన్నెండో యాత్ర

పళ్ళ డాక్టరు రోడ్డు మీద మోకాళ్ళపై కూర్చుని, చిగుళ్ళు చూసే చిన్న అద్దాన్ని హెడ్మాస్టారి సైకిలు చైను కిందకి దూర్చాడు.

"ఏమైనా కనబడిందా డాక్టర్ గారూ?" పైనుంచి వంగి అడిగారు హెడ్మాస్టారు.

"చూస్తున్నానండీ."

"నిదానంగా చూడండి. తొందరేం లేదు."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని డాక్టరు అద్దాన్ని ఇంకాస్త లోపలికి దూర్చాడు.

ఒక్క లోపం దొరికితే చాలు, ఇవాళ్టి గండం గట్టెక్కినట్టే. పాత సైకిళ్ళ సంఘం నియమం అలాంటిది. అందరూ బళ్ళను నడిపించుకుంటూ తీసుకురావాలి. పరీక్ష కాకుండా ఎవరూ ఎక్కకూడదు. ఏ ఒక్క బండికి వంక దొరికినా అందరూ ఇంటిదారి పట్టాలి. హెడ్మాస్టారు స్వయంగా రాసిన నియమం అది.

ఆరేళ్ళలో ఇలా పదకొండు యాత్రలు మొదలవకుండానే ఆగిపోయాయి. పదకొండింటినీ ఆపిన ఘనత డాక్టరుదే. ఒకసారి బేరింగులో ఇసుకరేణువు, ఒకసారి స్పోకు మీద వెంట్రుకంత పగులు, ఇంకోసారి గాలి ఎక్కువైందన్న అనుమానం. అతను లోపం బయటపెట్టినప్పుడల్లా సభ్యులు పెద్దగా నిట్టూర్చేవారు. పాపం ఎంత ఆశపడి వచ్చారోనని అతనికి సిగ్గేసేది. అయినా ఎవరూ పల్లెత్తు మాట అనకపోగా, అతన్నే కార్యదర్శిని చేశారు.

అసలు సంగతి భార్యకి తప్ప మూడో కంటికి తెలియదు. డాక్టరుకి సైకిలు తొక్కడం రాదు.

విప్పడం వచ్చు. బిగించడం వచ్చు. తాతగారి కాలంనాటి తుప్పు ఫ్రేముని పళ్ళు మెరిపించే యంత్రంతో తళతళలాడించి, దానికి ఐదు గేర్లు, కొత్త బ్రేకులు, తోలు సీటు అమర్చినవాడు. గేర్ల గురించి గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలడు, రోజూ ఇస్తాడు కూడా. నోట్లో దూది పెట్టుకున్న పేషెంటు ఎదురు చెప్పలేడు కదా.

కానీ ఈసారి మున్సిపల్ చైర్‌పర్సన్ రంగంలోకి దిగింది. జెండా తానే ఊపుతానంది. గంటసేపు రోడ్డు మూయించింది, బ్యాండుమేళం పెట్టించింది. అది చాలదన్నట్టు ముందురోజే ఒక మెకానిక్కుని పంపి ఐదు సైకిళ్ళనూ చూపించింది. ఆ మహానుభావుడు ఒక్క నట్టు కూడా వదల్లేదు.

మొన్న గురువారం నాడు డాక్టరు ఇంటి హాల్లో తొక్కడం నేర్చుకోవాలని ఆఖరి ప్రయత్నం చేశాడు.

"కాళ్ళు ఆడించండి. చూపు ముందుకి పెట్టండి" అంది భార్య, సీటు పట్టుకుని.

"వదలకే! వదిలావంటే చచ్చానే!"

"ఇంకా స్టాండు తియ్యలేదండీ."

స్టాండు తీశాక ఎంతోసేపు పట్టలేదు. చెప్పుల అలమారలోంచి అతన్ని లేవదీస్తూ ఆవిడ, "నిజం చెప్పెయ్యండి. మహా అయితే నవ్వుతారు" అంది.

"ఆరేళ్ళుగా నన్ను గురువుగారంటున్నారే! వాళ్ళు తప్ప నాకు స్నేహితులెవరున్నారు? పళ్ళ డాక్టరు ఎదురైతే ఊళ్ళో అందరూ మూతి బిగించుకుని పోతారు."

అందుకే ఇవాళ అద్దం పట్టుకుని ఇలా దేవులాడుతున్నాడు. హెడ్మాస్టారి బండికి వంక లేదు. లాయరమ్మ బండికీ, ఫొటోగ్రాఫరు బండికీ లేదు.

"నాది ఇంకోసారి చూడండి. వెనక చక్రంలో ఏదో చప్పుడు" అంది లాయరమ్మ.

"రావట్లేదమ్మా."

"సరిగ్గా వినండి డాక్టర్ గారూ. బాగా ఆలోచించుకుని చెప్పండి."

ఆ గొంతు విన్నాక డాక్టరుకి అర్థమైపోయింది. సందేహం లేదు, వీళ్ళకి తెలిసిపోయింది. తన నోటితోనే కక్కించాలని చూస్తున్నారు.

"మీరు వద్దంటే మేం కదలం గురువుగారూ" అన్నాడు ఫొటోగ్రాఫరు, రెప్పవేయకుండా చూస్తూ. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్టుమాను మాత్రం తన టైరుని గోటితో గిల్లుతున్నాడు.

బ్యాండు మోగింది. చైర్‌పర్సన్ జెండా ఊపింది.

"గురువుగారు ముందు!" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"అబ్బే, పెద్దవారు ఉండగా నేనా? మాస్టారు కానివ్వాలి."

"ఆడవాళ్ళని దాటి పోవడం మర్యాద కాదు" అన్నారు హెడ్మాస్టారు.

"ఉత్తరాలాయన ఉండగా మనమేమిటండీ? రోడ్లన్నీ ఆయనవే" అంది లాయరమ్మ.

"నాకు వెనకుండటం అలవాటమ్మా" అన్నాడు పోస్టుమాను.

బ్యాండువాళ్ళు అదే పాట మళ్ళీ ఎత్తుకున్నారు. చైర్‌పర్సన్ ఈసారి రెండు చేతులతో ఊపింది. నలుగురి చూపులూ డాక్టరు మీదే ఉన్నాయి. అతనిక తట్టుకోలేకపోయాడు. ఈ స్నేహం ఇవాళ్టితో సరి అనుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను క్షమించండి. ఆరేళ్ళుగా మిమ్మల్ని మోసం చేశాను. యాత్రలన్నీ కావాలనే ఆపాను. నాకు... సైకిలు తొక్కడం రాదు."

ఎవరూ నవ్వలేదు. లాయరమ్మ ఫొటోగ్రాఫరు వైపు చూసింది. ఫొటోగ్రాఫరు హెడ్మాస్టారి వైపు చూశాడు. హెడ్మాస్టారు పోస్టుమాను వైపు చూశారు.

"మీకు కూడానా?" అన్నారు నలుగురూ ఒక్కసారే.