పైలట్ అల్లుడు

సూర్యతేజ, వ్యాను డ్రైవరూ కలిసి విమానాన్ని గడ్డిలోకి దింపుతుంటే గోవిందరావు కడుపులో కుంపటి రాజుకుంది. పిల్లలాడుకునే బొమ్మ కాదది. మనిషి పొడవుంది, బియ్యం బస్తా బరువుంది. కిరసనాయిలుతో నడిచే నిజం జెట్ ఇంజనుంది. నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేయాలన్న మాటే గాని, మిగతాదంతా అసలు విమానమే.

చోడవరం అవతల, చెరకు చేల మధ్య అత్తగారి బీడును చదును చేసి, గడ్డి కత్తిరించి రన్‌వేగా మార్చింది పెద్దల్లుడు గోవిందరావు. బ్యాటరీతో నడిచే తేలికపాటి విమానాలు ఎగరేసి ఊరిచేత ‘పైలట్ అల్లుడు’ అనిపించుకున్నదీ అతనే. చిన్నల్లుడు సూర్యతేజకు రిమోట్ పట్టుకోవడం నేర్పిందీ అతనే. ఇప్పుడు చూస్తే ఊరంతా చిన్నల్లుడి చుట్టూ మూగింది. అత్తగారు అచ్చియ్యమ్మయితే విమానానికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కూడా కొట్టింది. తన విమానాలకు ఏనాడైనా ఒక్క నిమ్మకాయ పెట్టిన పాపాన పోయిందా?

“అన్నయ్యా, ఇటుపక్కకొచ్చి ఓపాలి సూడండి,” అని విమానం ముందుభాగం దగ్గర నిలబడి పిలిచాడు సూర్యతేజ.

“సూసేన్లే,” అన్నాడు గోవిందరావు ఉన్నచోటు నుంచి కదలకుండా. దగ్గరికెళ్ళి ఆ నిగనిగలు చూస్తే తనకు నాలుగు రోజులు అన్నం సయించదు. అక్కడున్నవాళ్ళు విమానం వైపు వంగి ఏదో చూసి, తనవైపు తిరిగి నవ్వారు. వెక్కిరింపే, సందేహం లేదనుకున్నాడు.

ఎగరేసే ముందు రన్‌వే అంతా నడిచి చూడటం వాళ్ళ పద్ధతి. రాయి కనిపిస్తే తీసెయ్యాలి, నేల మెత్తగా ఉంటే అక్కడ ఎర్రజెండా పాతాలి. ఆ పని ఎప్పుడూ గోవిందరావుదే. జెండా జేబులో పెట్టుకుని బయలుదేరాడు. సగం దాటాక కాలు చీలమండ దాకా దిగబడింది. పక్క చేనుకు పెట్టిన నీళ్ళు గట్టు కింద నుంచి ఊరాయి. పైన గడ్డి మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉంది. తన తేలిక విమానాలు ఇంతదూరం రాకముందే గాల్లోకి లేస్తాయి. ఈ బరువైనదానికి రన్‌వే అంతా కావాలి.

జేబులో జెండాను వేళ్ళతో నలిపాడు. అందులో మనిషి కూర్చోడు కదా, ప్రాణానికేం భయం లేదు. ఒక్కసారి బోర్లా పడితే ఆ మిడిసిపాటు కాస్త దిగుతుంది. చెప్పుకంటిన బురద గడ్డికి రాసేసి వెనక్కి వచ్చాడు.

“గట్టిగానే ఉంది,” అన్నాడు.

సూర్యతేజ రిమోట్ తెచ్చి అతని చేతికివ్వబోయాడు. “మొదటిపాలి మీరే ఎగరెయ్యాలన్నయ్యా. మీ సెయ్యి పడితేనే నాకు దైర్యం.”

గోవిందరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. తీసుకుంటే ఊరందరి ముందూ కూలేది తన చేతిలోనే. నిజం చెబితే ఇందాకటి అబద్ధం బయటపడుతుంది.

“నీ ఇమానం నువ్వే ఎగరేసుకో,” అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

సూర్యతేజ మొహం చిన్నబోయింది. రిమోట్ తనే పట్టుకుని రన్‌వే వైపు తిరిగాడు.

ఇంజను హోరెత్తింది. కిరసనాయిలు వాసన గుప్పుమంది. గడ్డి మీద విమానం దూసుకుపోతుంటే జనం చప్పట్లు కొట్టారు. సగం దాటింది. ముందు చక్రం దిగబడింది. తోక పైకి లేచి, పల్టీ కొట్టి, మూడు ముక్కలై చెరకు చేను గట్టు దగ్గర పడింది.

చప్పట్లు ఆగిపోయాయి. సూర్యతేజ ఉన్నచోటే కూలబడ్డాడు. గోవిందరావు కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది. వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“పోన్లే తమ్ముడూ. సెయ్యి తిరగాలంటే టైమ్ పడతాది,” అన్నాడు పెద్దరికంగా.

పైలట్ కూర్చునే చోట ఉండే అద్దపు మూత ఊడి ఆ బురదలోనే పడింది. అచ్చియ్యమ్మ అక్కడిదాకా వెళ్ళి దాన్ని తీసి, కొంగుతో బురద తుడుస్తూ పెద్దల్లుడి దగ్గరికి వచ్చింది.

“దీని మీద ఏటో రాయించేడు బాబూ. మీకు సూపించాలని పొద్దుట్నుంచీ తెగ ఆరాటపడిపోనాడు. నాను కళ్ళజోడు తేలేదు, ఏటుందో మీరే సదవండి,” అంది.

గోవిందరావు మూత అందుకున్నాడు. అంచున బంగారు రంగు అక్షరాలున్నాయి.

‘పైలట్: మా అన్నయ్య గోవిందరావు.’