చెవిలో అన్నయ్య

"ఫుల్ త్రాటిల్‌లో కంప్యూటర్‌ని సెన్సార్ మాట విననివ్వకు అన్నయ్యా. నువ్వు రాసిన టేబుల్ చాలు," అంది చెల్లెలు, చేతి తొడుగులు బిగించుకుంటూ.

"నేను రాసిన టేబుల్ వల్లేగా పోయిన రేసులో పిస్టన్ కరిగింది," అన్నాడు అన్నయ్య, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

నిజమే. ఇంజన్ ఏ వేగంలో ఎంత పెట్రోలు తాగాలో గళ్లు గళ్లుగా రాసిపెట్టే పట్టీ అది. చివరి వరుసలో ఒక గడిలో ఎనభై తొమ్మిది కొట్టాల్సింది డెబ్బై తొమ్మిది కొట్టాడు. ఇంజన్ ఆ వేగం అందుకుని ఆ గడిలోకి అడుగు పెట్టగానే, పెట్రోలు చాలక వేడెక్కి గుప్పున పొగ. ఇప్పుడు కారులో ఉన్నది వాళ్లకి మిగిలిన ఆఖరి ఇంజన్. ఈ రేసు గెలిస్తే పెద్ద జట్టువాళ్లు చెల్లెలిని తీసుకుంటారు. ఇంజన్ కాలిందా, ఆమె డ్రైవింగూ ఇతని ట్యూనింగూ రెండూ మూలపడతాయి.

నిదానంగా నడిపేటప్పుడు ఏ బాధా లేదు. పొగగొట్టంలో ఉన్న సెన్సార్ పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో పసిగట్టి చెబుతుంది, కంప్యూటర్ విని సర్దుకుంటుంది. దాన్ని క్లోజ్డ్ లూప్ అంటారు. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు, అంటే ఫుల్ త్రాటిల్‌లో మాత్రం, కంప్యూటర్ ఎవరి మాటా వినకుండా టేబుల్‌లో రాసినంత పోసేస్తుంది. అది ఓపెన్ లూప్. అన్నయ్యకి నెల రోజులుగా కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నది అదే.

"సెన్సార్ కబురు వచ్చేసరికి నేను ఇంకో గేర్‌లో ఉంటాను. ఆ పాత కబురు విని పెట్రోలు తగ్గించిందనుకో, అప్పుడు నిజంగానే కాలుతుంది," అంది చెల్లెలు.

బోనెట్ కింద నుంచి మెకానిక్ బాబాయ్ తల బయటపెట్టాడు. "పిల్ల చెప్పింది కరెక్టేరా. ఆ గడి సరిదిద్దావు, నలభై సార్లు సరిచూశావు. ఇంకోసారి చూస్తే ఆ అంకెలే నిన్ను తిడతాయి."

అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే. కంప్యూటర్ వినకపోతే నేను వింటా. సెన్సార్ అంకె నా స్క్రీన్ మీదికి వస్తూనే ఉంటుంది. అది పైకి పాకగానే రేడియోలో 'మార్చు' అంటాను. వెంటనే పై గేర్ వేసెయ్యి. ఇంజన్ వేగం తగ్గుతుంది, ఆ చివరి వరుస జోలికి పోకుండా బయటపడతాం. ఎందుకూ ఏమిటీ అని అడక్కు."

"కారులో నేను నోరు విప్పనని నీకు తెలుసుగా. మాట్లాడితే మలుపు తప్పుతాను."

"జవాబు అక్కర్లేదు తల్లీ. వింటే చాలు."

ఆమె నవ్వి హెల్మెట్ తగిలించుకుంది.

పచ్చ దీపం వెలిగింది. పది ల్యాపుల రేసు. ఎర్ర కారు ముందు దూకింది, చెల్లెలు దాని తోక పట్టుకుంది. అన్నయ్య కళ్లు మాత్రం స్క్రీన్ మీదే ఉన్నాయి. ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ల గాలి అన్నదే ఆ అంకె. పన్నెండున్నర ఉంటే ఇంజన్‌కి హాయి, పదమూడు దాటితే లోపల నిప్పులే. తిన్నటి రోడ్డు రాగానే అంకె కదిలింది. పన్నెండు పాయింట్ ఆరు. ఏడు.

"మార్చు."

ఇంజన్ గొంతు మారింది. అంకె కిందికి దిగింది.

"చూశావా బాబాయ్, మాట నోట్లో ఉండగానే మార్చేసింది."

"మంచి డ్రైవర్ ఎవరైనా అక్కడే మారుస్తారురా," అన్నాడు బాబాయ్.

"కాదు, నేను చెప్పాను కాబట్టి."

రెండో ల్యాపు, మూడో ల్యాపు, అయిదో ల్యాపు. అతను మార్చు అనడం, ఆమె మార్చడం. చెల్లెలి చెయ్యి తన నోటికి కట్టేసినట్టే ఉంది. అతని భయం కరిగి ఒంట్లోకి హుషారు వచ్చింది. ఏడో ల్యాపుకి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తొమ్మిదో ల్యాపుకి ఆ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. ఎర్ర కారుకీ చెల్లెలికీ మధ్య ఒక్క బారెడు దూరం.

ఆఖరి ల్యాపు. ఆఖరి తిన్నటి రోడ్డు. ఇద్దరూ పక్కపక్కన వచ్చేశారు. ఇప్పుడు గేర్ మారిస్తే ఆ రెప్పపాటులో ఎర్ర కారు జారుకుంటుంది. మార్చకపోతే ఇంజన్ నేరుగా ఆ చివరి వరుసలోకి, పిస్టన్ కరిగిన ఆ గడిలోకే వెళుతుంది. నలభై సార్లు చూసిన అంకెలు అన్నయ్య కళ్ల ముందు తిరిగాయి. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకున్నాడు.

"మార్చకు. లాగించు."

ఆమె మార్చలేదు. ఇంజన్ అరుపు ఆకాశాన్ని అంటింది. స్క్రీన్ మీద పన్నెండున్నర. అలాగే పన్నెండున్నర. అన్నయ్య బల్ల మీద వేసిన గుద్దుకి ల్యాప్‌టాప్ ఎగిరి పడింది. చెల్లెలు ఎర్ర కారుని దాటి గీత దాటింది.

కారు ఆగేలోపే అన్నయ్య పరుగున చేరాడు. ఆమె దిగి, హెల్మెట్ తీసి, చెమటతో అంటుకుపోయిన జుట్టు వెనక్కి తోసుకుంది. అతనికి సంతోషంతో మాటలు తడబడ్డాయి. "వినడమంటే అలా వినాలి. పది ల్యాపులూ అరక్షణం తేడా లేదు. నిన్ను వాళ్లు తీసుకోకపోతే నన్నడుగు."

ఇంజన్ కాస్త చల్లారాక బాబాయ్ స్పార్క్ ప్లగ్ ఒకటి విప్పి వెలుతురుకి పెట్టి చూశాడు. ముచ్చటైన లేత గోధుమరంగు, పెట్రోలు చాలనప్పుడు వచ్చే తెలుపు ఎక్కడా లేదు. "టేబుల్‌కి వంక పెట్టలేంరా అబ్బాయ్. చివరి వరుసతో సహా."

"టేబుల్‌ది ఏముంది బాబాయ్. దాన్ని నమ్ముకుని వదిలేసి ఉంటే ఈపాటికి ఇంజన్ బూడిదే. నేను దీని చెవిలో కూర్చుని ప్రతి గేరూ చెప్పాను కాబట్టి గట్టెక్కాం."

చెల్లెలు నీళ్ల సీసా ఖాళీ చేసి, మూత పెట్టి, అన్నయ్య భుజం మీద చెయ్యి వేసింది.

"స్టార్ట్‌కి ముందే రేడియో ఆపేశానన్నయ్యా."