టైలరక్క ఏడుపు నాటకం

“తాడులాగుడులో ఈసారీ పైవీధి వాళ్లే గెలిచారు! గుమ్మడికాయల పోటీలో మొదటి బహుమతి పాలబూత్ మామ్మది. తప్పిపోయిన మేకపిల్ల హాలు వెనకాలే ఉంది, ఎవరిదో వాళ్లొచ్చి తోలుకుపోండి. ఇక సెలవుల వారానికి ఆఖరి కార్యక్రమం... మన టైలరక్క రాసిన ఏడుపు నాటకం!”

మైకులో ఆ మాట రాగానే హాల్లో సగంమంది మూలిగారు. మిగతా సగం కుర్చీల్లో జారగిలబడి కునుక్కి సిద్ధమయ్యారు.

తెర పక్కన నిలబడ్డ టైలరక్క నాటకం పుస్తకాన్ని చంకలో ఇరికించుకుంది. పోయినేడు ఆమె నాటకం సగమయ్యేసరికి ముందు వరస తప్ప హాలంతా ఖాళీ. ముందు వరస కూడా నిద్రపోయింది కాబట్టి మిగిలింది.

హాలు పెద్దాయన వచ్చి వేలు చూపించాడు.

“అమ్మాయ్, మళ్లీ చెబుతున్నా. ఈసారి కూడా జనం లేచిపోయారో, వచ్చే ఏడు నుంచి ఈ పూట తెర కట్టి సినిమా వేయిస్తా. నువ్వు నీ మిషను తొక్కుకోవడమే.”

“ఒక్కరు కూడా లేవరు, చూడు బాబాయ్.”

ఏడాదంతా జాకెట్లు కుట్టేది పొట్టకోసం. ఈ ఒక్క సాయంత్రం లేకపోతే ఆ కుట్టేది కూడా చేతకాదు ఆమెకి.

తెర లేచింది.

రాజు వేషం ఆమె బావది. బావ బస్సు కండక్టరు. కిరీటం, బుర్రమీసాలు, నేలమీద ఈడ్చుకుంటూ ఎర్రటి అంగీ. శత్రువులు కోటని చుట్టుముట్టిన ఘట్టం. కళ్లెర్రజేసి నలువైపులా చూశాడు.

“సభికులారా!” అని గర్జించాడు.

ఆగిపోయాడు. తర్వాతి మాట రాలేదు. టైలరక్క నాటకం పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని కళ్లు మూసుకుంది.

“సభికులారా... లోపలికి జరగండి! లోపలంతా ఖాళీయే! ఓ కత్తి పట్టుకున్నాయనా, నీకే చెప్పేది, ఫుట్‌బోర్డు మీంచి పైకి రా!”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, పైకప్పు ఎగిరిపోయేంత నవ్వు.

పెద్దాయన తెర వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. “ఏంటమ్మాయ్ ఇదీ! మీ బావకి నోటికి ఒక్క ముక్కా రాదా? తెర దించేయమంటావా?”

“వద్దు బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా. జనం లేవలేదుగా!”

జనం లేవలేదు. పైగా గుమ్మంలో నిలబడి పల్లీలు నములుతున్న వాళ్లు లోపలికొచ్చి కూర్చున్నారు.

రెండో రంగంలో రాజుగారి కుడి మీసం ఊడి, ఎడం మీసానికి వేలాడింది. దాన్ని చెవి వెనక్కి తోసుకుని యుద్ధం ప్రకటించాడు. ఉరుము ఉరమాల్సిన చోట లైట్లు చూసే కరెంటు తమ్ముడు ఏ మీట నొక్కాడో, తెర దభీమని దిగింది. రాజుగారు ఒంటరిగా తెరకి ఇవతల చిక్కుకుపోయాడు. కాసేపు జనంకేసి చూశాడు. జనం ఆయనకేసి చూశారు.

“ఇక్కడ దిగేవాళ్లెవరన్నా ఉన్నారా?” అన్నాడు దీనంగా.

పాలబూత్ మామ్మ పళ్లసెట్టు చేత్తో పట్టుకుని మరీ నవ్వుతోంది. పైవీధి పహిల్వాను నేలమీద కూర్చుండిపోయాడు.

మూడో రంగంలో రాజు సింహాసనం ఎక్కి దర్జాగా కూర్చున్నాడు. టైలరక్క నుదురు కొట్టుకుంది. ఆ వెంటనే రాణి విషం తాగి పడిపోయింది. రాణి అంటే బేకరీ వదిన. రాజు ఆమె తల ఒళ్లో పెట్టుకుని భోరుమన్నాడు. హాల్లో ఒకరిద్దరు నిజంగానే ముక్కు చీదారు కూడా. ఇంతలో చచ్చిపోయిన రాణి దిగ్గున లేచి కూర్చుంది.

“అయ్యయ్యో, పొయ్యి కట్టెయ్యకుండా వచ్చాను! ఒరేయ్, ఎవరన్నా వెళ్లండ్రా, బన్నులన్నీ మాడి బొగ్గయిపోతాయి!”

“మహారాణీ, నువ్వు చచ్చిపోయావే!” అన్నాడు రాజు పళ్లు బిగించి.

“తెలుసు లెండి, చెప్పి చస్తాను!”

ఆపైన నాటకంలో మాట ఒక్కటి వినబడితే ఒట్టు. తెర దిగాక కూడా జనం కుర్చీలు చరుస్తూనే ఉన్నారు. కడుపులు పట్టుకున్నవాళ్లూ, ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డవాళ్లూ.

పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ వేషాల గదిలోకి వచ్చాడు. మూలన తల వంచుకుని నిలబడ్డ టైలరక్కని చూసి జాలిపడ్డాడు.

“బాధపడకమ్మాయ్. నువ్వు ఏడిపిద్దామనుకున్నావు, వీళ్లు నవ్వించారు. ఏదైతేనేం, రేపు మళ్లీ వెయ్యాలని జనం ఒకటే గోల. వచ్చే ఏడు కూడా ఈ పూట నీదే. కానీ ఒక్క మాట, రేపు సరిగ్గా ఆడి చెడగొట్టకండి!”

“మా చేతుల్లో ఏముంది బాబాయ్,” అంది ఆమె నిట్టూర్చి.

పెద్దాయన వెళ్లిపోయాడు. టైలరక్క తలుపు గడియ పెట్టింది. పుస్తకం తెరిచి, మూడో రంగం దగ్గర వేలు పెట్టి, రాజుగారి మీదికి అంతెత్తున లేచింది.

“సింహాసనం మీంచి వెనక్కి పడిపోవడం రెండు నెలలపాటు పరుపులేసి మరీ నేర్పించాను కదా బావా, తీరా ఇవాళ అంత బుద్ధిగా కూర్చున్నావేంటి?”