మాస్టారి నిద్ర

"మాత్ర వేసుకుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. నేను పడుకుంటాను. కొండ దిగాక లేపండి," అంటూ తండ్రి బండి వెనక భాగంలోని మంచం మీద వాలిపోయాడు. పొడుగు మనిషి కావడంతో పాదాలు మంచం చివరి చెక్కకు ఆనాయి. గోడవైపు తిరిగి, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

స్టీరింగు ముందున్న కూతురు తల్లి ముఖంలోకి చూసింది. తల్లీ తెల్లబోయే ఉంది. ముప్ఫై ఏళ్లు ఈ ఘాట్‌రోడ్డు మీద బస్సు నడిపి 'మలుపుల మాస్టారు' అనిపించుకున్న మనిషి, ఇంకొకరి బండిలో కునుకు తీయగా చూసినవాళ్లు లేరు. కొత్తగా పెళ్లయినప్పుడు కూడా భార్యను సీట్లో వదిలేసి, దారి పొడవునా డ్రైవరు వెనకే నిలబడ్డాడట. ఆ ముచ్చట తల్లి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఇది బస్సు కూడా కాదు. రెండు మంచాలు, స్టవ్వు, సింకు, బాత్రూము అన్నీ ఉన్న, చక్రాల మీద నడిచే ఇరవై ఎనిమిది అడుగుల ఇల్లు. రిటైరయ్యాక మాస్టారు ముచ్చటపడి కొని, యాత్రికులను తిప్పుతున్నాడు. ఇంతలో కుడి మోకాలికి ఆపరేషను జరిగింది. వాపు పూర్తిగా తగ్గిపోయింది కానీ, ఇంకో నెల ఆ కాలితో దేన్నీ తొక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఎల్లుండి ఆరుగురు యాత్రికులను ఈ కొండ దాటించాలి. ఇవాళ ఖాళీ బండిని క్షేమంగా అవతలికి దించితే సీజనంతా స్టీరింగు కూతురిదే. లేకపోతే బండి వేరే డ్రైవరు చేతికి పోతుంది. పెద్ద బండ్ల లైసెన్సు చేతికొచ్చిన రోజునుంచీ ఆమె కోరుకున్నది ఈ ఒక్కటే.

ఆపరేషనుకు ముందు ఒకసారి తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రయత్నించింది. "గేరు మార్చు, బండి తోక గీసుకుంటుంది, బ్రేకు, బ్రేకు" అని ఆయన ఒకటే అరుపులు. తన వైపు బ్రేకు లేకపోయినా కుడికాలితో నేలను తొక్కుతూనే ఉన్నాడు. ఐదో మలుపులో ఆమె బండి ఆపేసి, తాళంచెవి ఆయన ఒళ్లో పెట్టి, దిగిపోయింది. మళ్లీ ఈ కొండ ఎక్కనని ఏడ్చింది కూడా.

ఇవాళ వెనకనుంచి ఒక్క మాట లేదు. ఆమె బండిని కొండ ఎక్కించడం మొదలుపెట్టింది.

మొదటి మలుపు తిరుగుతుండగా వెనక ఠప్‌మని ఏదో చప్పుడైంది. రెండో మలుపులోనూ అంతే.

"అమ్మా, ఏదో గిన్నె జారినట్టుంది, చూడు."

తల్లి పరదా తొలగించి వెళ్లింది. కాసేపటికి వచ్చి కూర్చుంది.

"గిన్నే. సర్దాను."

"నాన్న?"

"చంటిపిల్లాడిలా నిద్రపోతున్నారు. నువ్వు రోడ్డు చూసుకో."

ఆ మాట వినగానే అమ్మాయి భుజాలు వదులయ్యాయి. నాన్నే నిద్రపోతున్నాడంటే తన చేతుల్లో పొరపాటేమీ లేదన్నమాట. అద్దాలు చూసుకుంటూ, హారను కొడుతూ, ఎదురుగా ఏమీ లేదనుకున్నాకే ముందు భాగాన్ని వెడల్పుగా తిప్పి, తోకను రాతికి జానెడు దూరంలోంచి లాక్కుపోయింది. కొండ నెత్తికి చేరేసరికి కూనిరాగం కూడా తీస్తోంది.

అసలు పని దిగేటప్పుడే. బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి చేతులెత్తేస్తుంది. ఆమె రెండో గేరులో వేసి, బరువంతా ఇంజనుకే వదిలేసి, అవసరమైనచోట మాత్రమే బ్రేకు తాకింది. పదకొండో మలుపు జడపిన్నులా వెనక్కి తిరిగే వంపు. ముందు అద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడటం లేదు. సరిగ్గా అప్పుడే కిందినుంచి బస్సొకటి వచ్చింది.

అమ్మాయి బండి ఆపి, ఊపిరి తీసుకుని, రెండు బారల మేర నిదానంగా వెనక్కి ఎక్కించి, చక్రాలను కొండవైపు ఒదిగించింది. వెనక మళ్లీ ఠప్‌మంది. గిన్నె మళ్లీ ఊడినట్టుందనుకుంది.

బస్సు పక్కకొచ్చి ఆగింది. దాని డ్రైవరు మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాడే.

"మాస్టారేరమ్మా?"

"వెనక నిద్రపోతున్నారు."

అతను నమ్మలేనట్టు చూశాడు. తన బస్సెక్కిన ప్రతిసారీ మాస్టారు రెప్ప వేయకుండా తన చేతులకేసే చూసేవాడట. "పదేళ్లు నడిపినా నాకు దక్కని సర్టిఫికెట్టమ్మా ఇది," అని నుదుటికి చెయ్యి ఆనించి బస్సు కదిలించాడు. అమ్మాయి ఆనందంతో హారను మోగించి సాగనంపింది.

కొండ దిగి చదునైన చోట ఆపేసరికి మిట్టమధ్యాహ్నమైంది. తండ్రి ఆవులిస్తూ లేచి కూర్చున్నాడు.

"అప్పుడే వచ్చేశామా? ఒక్క మలుపూ తెలియలేదమ్మా. తాళంచెవి ఇక నీ దగ్గరే ఉంచుకో."

అమ్మాయి ఆయన్ని వాటేసుకుంది. కళ్లు తుడుచుకుని, యాత్రికులు ఎక్కేలోగా ఆ వదులు గిన్నె సంగతి చూద్దామని అలమర తెరిచింది. గిన్నెలన్నీ పొద్దున తాను బెల్టు బిగించిన చోటే, బిగించినట్టే ఉన్నాయి.

అడుగుదామని వెనక్కి తిరిగింది. తల్లి తడి తువ్వాలు పట్టుకుని, మంచం మీద తండ్రి ప్యాంటును పైకి మడుస్తోంది. ఆయన పాదాలు ఆనిన చివరి చెక్క బీటవారి ఉంది.

ఆయన కుడి మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది.