అరువు గోల్‌కీపర్

"నా కొడుకుని అరువిచ్చారా!"

అరుంధతి గొంతుకి ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. శేషాచలం మెడలో విజిల్ తాడుని వేలికి చుట్టుకుంటూ మైదానం వైపే చూస్తున్నాడు.

"మెల్లగా! ఇండియా గోల్‌కీపర్‌కి పొద్దున్నుంచీ కడుపునొప్పి. వాళ్ళు వెంటపెట్టుకొచ్చింది ఆ ఒక్కణ్ణే. గోల్‌కీపర్ లేకపోతే మ్యాచ్ రద్దు. కొత్త జట్ల మధ్య ఇలాంటి సర్దుబాట్లు మామూలే."

"మూడేళ్ళుగా వాణ్ణి బెంచీ మీదే కూర్చోబెట్టారు. వచ్చేవారం వరంగల్ కాలేజీకి వెళ్ళిపోతున్నాడు. ఆఖరి మ్యాచ్ అయినా ఆడిస్తారనుకుంటే, పక్కింటికి పంచదార ఇచ్చినట్టు ఇచ్చేస్తారా?"

"మన గోల్‌కీపర్ ఖాలిద్ వాడికంటే బాగా ఆడతాడు. కోచ్ కొడుకని వీణ్ణి దింపితే రేపు జట్టులో నా మాట ఎవరు వింటారు?"

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

శేషాచలం ఉద్యోగం ఖతార్‌లోని మెసయీద్‌లో, ఎరువుల కంపెనీలో ఇంజనీరు. కెనడా నుంచి వచ్చిన సహోద్యోగి దగ్గర సరదాకి నేర్చుకున్న లాక్రోస్ ఆట ఆయన్ని ఖతార్ జాతీయ జట్టుకి కోచ్‌ని చేసింది. చివర వలబుట్ట ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి, గోల్ కొట్టే ఆట. జట్టు పుట్టి మూడేళ్ళయినా ఇంకా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ గెలవలేదు. ఈ నాలుగు దేశాల టోర్నీలోనూ రెండు ఓడిపోయింది. ఇవాళా గెలవకపోతే కోచ్‌ని మారుస్తామని కమిటీ మొహం మీదే చెప్పేసింది. ఇండియా ఇప్పటికే ఫైనల్ చేరుకుంది, ఈ ఆటతో దానికి పనిలేదు. గెలవడానికి ఇంతకంటే మంచి రోజు రాదు.

అరుంధతి నీళ్ళ సీసా పట్టుకుని కంచె దగ్గరికి పరుగెత్తింది. ఇండియా నీలం చొక్కాలో కొడుకు బాబీ కొత్తగా కనిపించాడు. తండ్రి వాడి హెల్మెట్ పట్టీ బిగిస్తున్నాడు.

"ఆ చొక్కా తొడిగాక నేను నీకు నాన్నని కాదు, కోచ్‌నీ కాదు. కావాలని ఒక్క బంతి వదిలినా నాకు తెలిసిపోతుంది."

"సరే నాన్నా."

"నాన్నని కాదన్నానా?"

"సరే సార్."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. సీసా కొడుక్కిచ్చి, భర్తని చూడకుండానే వెనక్కి వచ్చింది.

అల్ రయ్యాన్‌లో వాళ్ళ పక్క ఫ్లాట్ ప్రతిమ వేరుశెనక్కాయల పొట్లం విప్పింది. "అక్కా, ఇప్పుడు మనం ఎవరికి చప్పట్లు కొట్టాలె? బావ దిక్కా, బాబీ దిక్కా?"

"నోరు మూసుకుని తిను."

ఆట మొదలైంది. ఖతార్ కెప్టెన్ హమద్ భుజం పైకెత్తి, బంతిని కిందికి కొట్టాడు. బాబీ ముందే వంగి ఉన్నాడు. బంతి వలబుట్టలో పడింది. రెండోవాడు కుడివైపు చూసి ఎడమవైపు విసిరాడు. బాబీ అప్పటికే ఎడమవైపు ఉన్నాడు.

"వీనికెట్ల తెలుస్తుందక్కా?"

"మూడేళ్ళు ప్రాక్టీసులో వీళ్ళ దెబ్బలన్నీ తిన్నది వాడే."

ప్రతిమ నోట్లో గింజ ఆగిపోయింది. "అంటే, వీళ్ళ గుట్టంతా తెలిసినోణ్ణే అవతలోళ్ళ చేతిలో పెట్టిండా? బావకి గింత తెలివుందని నాకు తెల్వదు!"

అరుంధతి నవ్వలేకపోయింది. బాబీ బంతి ఆపినప్పుడల్లా లేచి నిలబడేది. భర్త మొహం చూసి కూలబడేది. ఆయన గీత వెంట అటూ ఇటూ తిరుగుతున్నాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. "కొత్త చోటు చూసి కొట్టండిరా! యల్లా, యల్లా!" అని అరుస్తున్నాడు. కొడుకు వైపు కన్నెత్తి చూడలేదు. వీఐపీ కుర్చీల్లో కమిటీ పెద్దమనిషి ఫోను జేబులో పెట్టేసి ముందుకి వంగాడు.

సమయం అయిపోయేసరికి ఆరు, ఆరు. ఇక అదనపు సమయం. ముందు గోల్ కొట్టినవాళ్ళదే గెలుపు.

"దేవుడా, వాడు ఆపాలి. దేవుడా, ఈయన గెలవాలి," అని గొణుక్కుంది.

"ఒక్కటే అడుగక్కా, దేవుడు పరేషాన్ అయితడు."

హమద్ ఇద్దర్ని తప్పించుకుని దూసుకొచ్చాడు. ఈసారి భుజం ఎత్తలేదు. నడుం ఎత్తులో, ఎప్పుడూ కొట్టని తీరులో కొట్టాడు. బాబీ తప్పు వైపు వాలాడు. వాలుతూనే కాలు చాపాడు. బంతి తొడకి తగిలి నేలమీద పడింది. కుంటుతూనే దాన్ని ఎత్తి, మైదానం సగం దాటేలా విసిరాడు. అవతల ఖాళీగా నిలబడ్డ ఇండియా ఆటగాడు దాన్ని అందుకుని నేరుగా ఖాలిద్ వెనక వలలోకి కొట్టాడు.

ఏడు, ఆరు.

నీలం చొక్కాలు బాబీని భుజాల మీదికి ఎత్తుకున్నాయి. అరుంధతి చప్పట్లు కొట్టబోయి చేతులు దించేసుకుంది. కమిటీ పెద్దమనిషి శేషాచలం పక్కనుంచే వెళ్ళాడు, చెయ్యి కలపలేదు. శేషాచలం మాత్రం వరసగా అందరితో చేతులు కలుపుతూ వచ్చి, బాబీ దగ్గర ఆగి, వాడితోనూ పరాయివాడితో కలిపినట్టే కలిపాడు.

ఆమె ఉండబట్టలేక కంచె దగ్గరికి దిగింది. "కన్నకొడుకండీ వాడు! బాగా ఆడావని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

"ఎండలో నిలబడకు, కారు దగ్గరికి పద," అని సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు శేషాచలం.

అప్పుడే ఇండియా గోల్‌కీపర్ నాగూర్ ఎదురొచ్చాడు, చీరాల కుర్రాడు. "మీవాడు ఇరగదీశాడమ్మా! నేనైనా ఆ ఆఖరిది ఆపలేకపోయేవాణ్ణి."

తెలుగు మాట వినగానే ఆమె కోపం కాస్త దిగింది. "నీ కడుపునొప్పి ఎలా ఉంది నాయనా? గంజి కాచి హోటల్‌కి పంపిస్తాను."

నాగూర్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు కడుపునొప్పే లేదమ్మా. వెళ్ళిపోయేలోగా మీవాడు ఒక్క మ్యాచైనా ఆడాలని, నన్ను ఆడొద్దని బతిమాలింది మీ సారే."